దినచర్య దేహానికా, గడియారానికా?

ఆరోగ్యవంతుని ఆరోగ్యాన్ని కాపాడడం, రోగి వ్యాధిని పోగొట్టడం అనేవి ఆయుర్వేదానికి రెండు ప్రయోజనాలు. వీటిలో మొదటిదానికి పునాది దినచర్య. వాగ్భటాచార్యుల అష్టాంగహృదయంలో ఆయుర్వేద పరిచయాధ్యాయం ముగిసిన వెంటనే, ఔషధాల ప్రస్తావన రాకముందే, రెండవ అధ్యాయంగా దినచర్య వస్తుంది. గురుకులంలో మేము మొట్టమొదట కంఠస్థం చేసిన అధ్యాయాలలో అదొకటి. దానిని వల్లించిన నాటి నుంచి నేటి వరకు దినచర్య విలువను గూర్చి నాకు సందేహం కలుగలేదు. అయితే దినచర్యను మన ఇళ్లలో అర్థం చేసుకొంటున్న తీరును గూర్చి కొంత చెప్పవలసిన అవసరం వచ్చింది.

జగ్గయ్యపేట, నందిగామ పట్టణాల నుంచి, వాటి చుట్టుప్రక్కల పల్లెల నుంచి నా వద్దకు వచ్చేవారిలో రెండు తెగలవారు కనిపిస్తున్నారు. మొదటి తెగవారు దినచర్యను నిప్పులు కడిగే నిష్ఠతో పాటించేవారు. డెబ్బై ఏళ్లు నిండిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు అలారం పెట్టుకొని ఏడాది పొడుగునా తెల్లవారుజామున మూడున్నరకే లేస్తారు. ధనుర్మాసపు చలిలో చన్నీళ్ల స్నానం చేసి, చీకటిలోనే రోడ్డు మీద నడకకు బయలుదేరుతారు. రాత్రి మనుమల చదువులు, ఇంటివారి భోజనాలు ముగిసి ఆయన పడుకొనేసరికి పదకొండు. అంటే నిద్ర నాలుగున్నర గంటలు. ఆయన నా వద్దకు వచ్చింది తల తిరుగుడుకు, మలబద్ధకానికి మందు కోసం. దినచర్యలో లోపమేమీ లేదని ఆయన గట్టి నమ్మకం.

రెండవ తెగవారు దినచర్యకు ఏనాడో నమస్కారం పెట్టినవారు. "డాక్టరుగారూ, ఈ వారం పగలు డ్యూటీ, పై వారం రాత్రి డ్యూటీ. మా బ్రతుకులకు దినచర్య ఎక్కడిది?" అని ఒక సిమెంటు కర్మాగారపు ఉద్యోగి అడిగారు. అన్నీ చేయలేము కాబట్టి ఏదీ చేయనవసరం లేదని ఆయన నిర్ణయం. నలభై రెండేళ్లకే మధుమేహం, ఛాతీలో మంట, నడుము చుట్టూ క్రొవ్వు చేరాయి.

పైకి ఈ ఇద్దరూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. కానీ ఇద్దరి భ్రమకూ మూలం ఒకటే. దినచర్య అంటే గడియారం ప్రకారం గోడకు అంటించిన పట్టిక అని ఇద్దరూ అనుకొంటున్నారు. ఒకరు దానికి బందీ అయ్యారు, మరొకరు దానిని చింపివేశారు. నా అభిప్రాయంలో శాస్త్రం అటువంటి పట్టికను ఎన్నడూ ఇవ్వలేదు.

సూర్యుడే గంట మార్చుతాడు

బ్రాహ్మీ ముహూర్తాన్నే తీసుకొందాము. ముహూర్తం అంటే 48 నిమిషాలు. సూర్యోదయానికి రెండు ముహూర్తాల ముందు, అంటే సుమారు 96 నిమిషాల ముందు, బ్రాహ్మీ ముహూర్తం మొదలవుతుంది. మా ప్రాంతంలో సంక్రాంతి నాటికి సూర్యోదయం సుమారు 6 గంటల 40 నిమిషాలకు. జూన్ మొదటి వారంలో సుమారు 5 గంటల 40 నిమిషాలకు. ఆ లెక్కన బ్రాహ్మీ ముహూర్తం సంక్రాంతికి ఐదు గంటల ప్రాంతంలో, జూన్‌లో నాలుగు గంటల ప్రాంతంలో వస్తుంది. ఏడాదిలో ఒక గంట అటూ ఇటూ జరిగే కాలాన్ని మూడున్నర అని మేకు కొట్టి బిగించడం శాస్త్రాన్ని పాటించడం ఎలా అవుతుంది?

ఇంకొక విషయం గమనించాలి. ఆ వేళకు లేవమని శాస్త్రం చెప్పింది స్వస్థునికి, అంటే ఆరోగ్యంగా ఉన్నవానికి. రోగికి, బాలునికి, వృద్ధునికి, బాలింతకు అదే నియమాన్ని యథాతథంగా వర్తింపజేయరాదు. అష్టాంగసంగ్రహం మరొక అడుగు ముందుకు వేసి, నిద్ర లేచే సమయంలో రాత్రి తిన్న ఆహారం జీర్ణమయిందో లేదో విచారించుకొమ్మంటుంది. తేన్పు శుభ్రంగా ఉన్నదా, ఒళ్లు తేలికగా ఉన్నదా అని చూసుకొని మరీ లేవాలి. తొందరపెట్టే అలారంలో ఈ విచారణకు చోటు లేదు.

దినచర్యాధ్యాయం వెంటనే ఋతుచర్యాధ్యాయం ఉండడంలో ఔచిత్యం ఇదే. వ్యాయామాన్ని బలవంతులు సైతం తమ శక్తిలో సగం మేరకే చేయాలి, అదీ శీతకాలంలోను వసంతంలోను. తక్కిన ఋతువులలో ఇంకా తగ్గించాలి. పగటి నిద్ర సాధారణంగా కూడదు, గ్రీష్మంలో కూడును. ఒక ఋతువు చివరి ఏడు రోజులు, తరువాతి ఋతువు మొదటి ఏడు రోజులు కలిపి ఋతుసంధి అన్నారు. ఆ రోజులలో పాత అలవాటును మెల్లగా విడుస్తూ, క్రొత్తదానిని మెల్లగా పట్టుకోవాలి. ఇంతటి సడలింపు శాస్త్రంలోనే ఉండగా, మనం దానిని ఇనుప చట్రంగా మార్చుకొన్నాము.

మా మెట్ట ప్రాంతంలో ఈ సడలింపు విలాసం కాదు, ప్రాణావసరం. వేసవిలో ఇక్కడ ఉష్ణోగ్రత 45 డిగ్రీలు దాటే రోజులు ఉంటాయి. సున్నపురాతి నేల పగలంతా కాగి, రాత్రి పొద్దుపోయే వరకు సెగ వదులుతుంది. శీతకాలంలో ఎనిమిది గంటలకు హాయిగా చేసిన ఐదు కిలోమీటర్ల నడకను మే నెలలో అదే వేళకు చేస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. మిరప కోతలకు వెళ్లే కూలీలు వేళను ముందుకు జరుపుకొని, ఎండ ముదరకముందే ఇల్లు చేరతారు. మధ్యాహ్నం కాసేపు నడుము వాలుస్తారు. వారు అధ్యాయం చదవలేదు, ఋతుచర్య పాటిస్తున్నారు. మే నెలలోను నడక వేళ మార్చని చదువుకొన్నవారు వారి నుంచి నేర్చుకోవలసింది ఉన్నది.

రాత్రి మేలుకొనేవారికి శాస్త్రం ఏమి చెప్పింది?

జయంతిపురంలోను, ముక్త్యాలలోను సిమెంటు కర్మాగారాలు రాత్రింబవళ్లు నడుస్తాయి. హైదరాబాదు, విజయవాడల మధ్య 65వ నంబరు జాతీయ రహదారి మా రెండు పట్టణాల ప్రక్కగానే పోతుంది. దాని మీద లారీలు, బస్సులు నడిపేవారు, పెట్రోలు బంకులలోను హోటళ్లలోను పనిచేసేవారు, ఆస్పత్రి నర్సులు ఎందరో రాత్రి మేలుకొంటారు. వీరందరికీ "మీ జీవితమే శాస్త్రవిరుద్ధం" అని చెప్పి పంపితే వారు ఇక వైద్యుని గడప తొక్కరు. అది వైద్యం కాదు.

రాత్రి మేలుకోవడం వల్ల హాని లేదని నా వాదన కాదు. జాగరణ వాతాన్ని పెంచి శరీరాన్ని ఎండగడుతుందని శాస్త్రం స్పష్టంగా చెప్పింది. ఆధునికులూ అదే దారికి వచ్చారు. దేహంలోని జీవగడియారం పనిచేసే తీరును కనుగొన్నందుకు 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించింది. రాత్రి పనిని క్యాన్సరు కలిగించే అవకాశం ఉన్నవాటి జాబితాలో ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2007లో చేర్చి, 2019లో దానిని మరల ధ్రువపరచింది. కాబట్టి ఆ జీవనోపాధిలో ఉన్నవారికే దినచర్య అందరికంటె ఎక్కువ అవసరం.

వాగ్భటుడు వారిని మరచిపోలేదు. అలవాటు లేని జాగరణ చేయవలసి వచ్చినవాడు, మేలుకొన్న కాలంలో సగం కాలం, మరునాటి ఉదయం, భోజనానికి ముందే నిద్రించాలని అష్టాంగహృదయం సూత్రస్థానం ఏడవ అధ్యాయంలో విధించాడు. ఎనిమిది గంటలు మేలుకొన్నవాడు నాలుగు గంటలు నిద్రించాలన్నమాట. ప్రయాణంతో, బరువులు మోయడంతో, దారి నడవడంతో అలసినవారికి ఏ ఋతువులోనైనా పగటి నిద్రను అనుమతించాడు. లారీ నడిపేవారికి ఇంతకంటె స్పష్టమైన అనుమతిపత్రం ఏమి కావాలి?

ఇందులో "భోజనానికి ముందు" అనే మాట ముఖ్యమైనది. ఉదయం ఆరు గంటలకు డ్యూటీ దిగి, దారిలో హోటలు వద్ద ఆగి, రెండు పూరీలు, ఒక మసాలా దోసె, పైన టీ త్రాగి, ఇంటికి వచ్చి నిండు కడుపుతో పడుకోవడం మా ప్రాంతంలో పరిపాటి. అగ్ని మందగించి, పుల్లని తేన్పులు, బరువు, మధుమేహం వరుసగా రావడానికి అది రాచబాట. దానికి మారుగా నేను సూచించే క్రమం ఇది. రాత్రి డ్యూటీకి వెళ్లే ముందే ఇంటి భోజనం చేయాలి. నడిరాత్రి ఆకలైతే గుప్పెడు వేయించిన శనగలు లేదా మరమరాలు, గోరువెచ్చని నీరు చాలును. ఒంటిగంట తరువాత టీ మానాలి. ఉదయం ఇంటికి రాగానే కాళ్లు చేతులు కడుక్కొని, మరీ ఆకలిగా ఉంటే పలుచని జావ త్రాగి, అరికాళ్లకు నువ్వుల నూనె రాసుకొని, కిటికీలకు ముదురు తెరలు వేసిన గదిలో నాలుగైదు గంటలు నిద్రించాలి. లేచి స్నానం చేసి భోజనం చేయాలి. రాత్రి డ్యూటీ నిత్యకృత్యమైనవారికి ఈ నిద్ర సరిపోదు కాబట్టి సాయంత్రం మరొక రెండు గంటలు పడుకొని, మొత్తం ఏడు గంటలకు తగ్గకుండా చూసుకోవాలి.

షిఫ్టు మారేటప్పుడు ఉన్నపళంగా మారరాదు. చాలాకాలంగా అలవాటైనదానిని నాలుగవ వంతు చొప్పున విడుస్తూ, క్రొత్తదానిని నాలుగవ వంతు చొప్పున చేర్చుకోవాలని శాస్త్రం చెప్పింది. మారబోయే రోజుకు రెండు మూడు రోజుల ముందు నుంచే నిద్రవేళను గంటా గంటన్నర చొప్పున జరుపుకొంటూ రావాలి. ఋతువు మారడానికే పద్నాలుగు రోజులు కావాలన్న దేహానికి, రాత్రిని పగలు చేయడానికి ఒక్క ఆదివారం చాలదని షిఫ్టులు నిర్ణయించేవారు కూడ ఆలోచించగలరు.

ఇల్లాలికి దినచర్య ఎవరు వ్రాస్తారు?

ఇక నన్ను ఎక్కువగా బాధించే విషయానికి వస్తాను. ఒక ఇంటిని ఊహించండి. భర్తకు రాత్రి డ్యూటీ. కుమారునికి ఆరున్నరకు కాలేజీ బస్సు. అత్తగారు సూర్యాస్తమయానికి ముందే భోజనం చేయాలని ఎక్కడో చదివారు. మామగారికి తెల్లవారుజామున నాలుగు గంటలకు వేడినీళ్లు కావాలి. ముగ్గురి, నలుగురి దినచర్య చక్కగా సాగుతున్నది. వాటిని సాగించే ఇల్లాలు నాలుగు గంటలకు లేచి, రాత్రి పదకొండు గంటలకు గిన్నెలు సర్ది, మిగిలినది తిని, మధ్యలో ముక్కలు ముక్కలుగా కునుకు తీస్తున్నది. ఆమె వచ్చి కీళ్ల నొప్పులని, నీరసమని చెబుతుంది. నిద్ర ఎన్ని గంటలమ్మా అని అడిగితే లెక్క చెప్పలేదు, ఎందుకంటే ఆమె ఎప్పుడూ లెక్కపెట్టుకోలేదు.

ఒకరి నిష్ఠ కోసం మరొకరి నిద్ర ఖర్చవుతూ ఉంటే ఆ నిష్ఠను నేను ఆరోగ్యమని ఒప్పుకోను. నాలుగు గంటలకు లేచేవారు తమ నీళ్లు తామే కాచుకోవాలి. ముందుగా భోజనం చేసేవారు వడ్డించుకోవడం నేర్వాలి. రాత్రి డ్యూటీ దిగి వచ్చినవారికి జావ కాచి ఫ్లాస్కులో పెట్టి ఉంచితే ఇల్లాలు మరల పొయ్యి వెలిగించనవసరం లేదు. ఇంటిల్లిపాదికీ కుదిరే ఒక్క పూట భోజనాన్నైనా కలిసి చేసే వేళగా నిర్ణయించుకొని, మిగిలినవాటిని ఎవరి వీలునుబట్టి వారు జరుపుకోవాలి. సడలింపు అంటే భారమంతా ఒకరి మీదకు జరపడం కాదు.

పందిరికి నాలుగు రాటలు

సడలింపు ఎంతవరకు అని అడిగేవారికి సమాధానం చెప్పాలి. పెళ్లిపందిరికి నాలుగు రాటలు గట్టిగా పాతితే పైన కప్పిన తాటాకు గాలికి కదిలినా పందిరి నిలుస్తుంది. దినచర్యలో కదలరాని రాటలు నా లెక్కలో నాలుగు.

మొదటిది నిద్ర. వేళ మారవచ్చును, మొత్తం తగ్గరాదు. నడివయసువారికి ఏడు గంటలు ఉండాలి.

రెండవది ఆకలి. భోజనానికీ భోజనానికీ మధ్య ఒక జాము లోపల తినరాదు, రెండు జాములు దాటరాదు అని వైద్యులలో వాడుక. జాము అంటే మూడు గంటలు. మూడు నుంచి ఆరు గంటల మధ్య ఎంత విశాలమైన చోటు ఉన్నదో చూడండి. అందులో నిజమైన ఆకలి వేసినప్పుడు తినడమే నియమం.

మూడవది వేగాలను ఆపకుండుట. మలమూత్రాలు, ఆకలి, దప్పిక, నిద్ర, తుమ్ము, దగ్గు మొదలైన పదమూడు వేగాలను బలవంతంగా ఆపితే రోగాలు వస్తాయని వాగ్భటుడు ఒక అధ్యాయమే వ్రాశాడు. సరైన మరుగుదొడ్డి లేక సాయంత్రం వరకు నీళ్లు త్రాగకుండా బిగబట్టుకొనే ఉపాధ్యాయినులు, దుకాణాలలో పనిచేసే ఆడపిల్లలు, బస్సు ఆగే వరకు ఓర్చుకొనే ప్రయాణికులు మూత్రంలో మంటతో నా వద్దకు వస్తూనే ఉన్నారు. తెల్లవారుజామున లేవకపోవడం కంటె ఇది పెద్ద దోషం.

నాలుగవది శక్తిలో సగం మేరకు వ్యాయామం. నుదుట చెమట పట్టి, నోట శ్వాస తీసే స్థితి రాగానే ఆపాలి. పొలం పని, బరువుల పని చేసేవారికి అదే వ్యాయామం. కుర్చీలో కూర్చొని పనిచేసేవారు ఉదయం కుదరకపోతే సాయంత్రం నడవవచ్చును.

మిగిలినవి తాటాకుల వంటివి. అవి అనవసరమని కాదు, వీలునుబట్టి కుదించుకోవచ్చునని. అభ్యంగాన్నే చూడండి. రోజూ ఒళ్లంతా నూనె రాసుకొనే తీరిక లేనివారు తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా రాసుకోవాలని శాస్త్రమే దారి చూపింది. ఐదు నిమిషాల పని. అజీర్ణం చేసిన రోజున, జలుబు దగ్గు ఉన్న రోజున అదీ మానాలి.

2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన కుండపోతకు మున్నేరు పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద జాతీయ రహదారి మీదికి నీరు వచ్చి రాకపోకలు నిలిచిపోయిన సంగతి పాఠకులకు గుర్తుండే ఉంటుంది. అటువంటి రోజులలో ఎవరి పట్టికా సాగదు. నీటిని కాచి త్రాగడం, వేడిగా, తేలికగా ఉన్నది ఆకలి మేరకు తినడం, వంతులవారీగా నిద్రపోవడం అనే వాటిని పట్టుకొన్నవారు చాలా జబ్బులను తప్పించుకోగలరు. ఆపదలో నిలిచేవే అసలు రాటలు.

సడలింపు వర్తించని చోటు

ఒక హెచ్చరిక తప్పనిసరి. ఈ వెసులుబాటు మందులకు వర్తించదు. రక్తపోటు, మధుమేహం, థైరాయిడ్, క్షయ, మూర్ఛ వ్యాధులకు వాడే మందులను వేళ తప్పించడం, మానడం ప్రమాదకరం. షిఫ్టు మారినప్పుడు మందు వేళ ఎలా మార్చాలో మందు ఇచ్చిన వైద్యులనే అడగాలి. ఇన్సులిన్ తీసుకొనేవారు, మధుమేహం మాత్రలు వాడేవారు పైన చెప్పిన ఖాళీ కడుపు నిద్రను వారిని అడగకుండా పాటించరాదు. గుండె జబ్బు ఉన్నవారు, వృద్ధులు చలికాలపు చీకటిలో నడకకు, చన్నీళ్ల స్నానానికి పూనుకోరాదు. కునికిపాట్లు వస్తుంటే వాహనం నడుపరాదు. ప్రక్కకు ఆపి నిద్రపోవడమే ఆ క్షణానికి దినచర్య.

ఇంత సడలింపు ఇస్తే జనం సోమరులవుతారని కొందరు పెద్దలు ఆక్షేపిస్తారు. వారి భయం నిరాధారం కాదు. అర్ధరాత్రి వరకు ఫోను చూస్తూ "నా శరీరతత్త్వం ఇంతే" అనేవారు ఉన్నారు. వారికోసం ఒక గీటురాయి చెబుతాను. మార్పును ఋతువు కోరిందా, వయసు కోరిందా, బలం కోరిందా, జీవనోపాధి కోరిందా? అయితే మార్చుకోండి. నాలుక కోరిందా, కన్ను కోరిందా? అయితే మార్చవద్దు. ఈ ప్రశ్నకు మనస్సాక్షిగా జవాబు చెప్పుకొనేవారు సోమరులు కారు.

గోడకు వ్రేలాడే క్యాలెండరులో ఒక వారం పాటు ఇంటిలోని ప్రతి ఒక్కరి నిద్ర ఎన్ని గంటలో, నిజంగా ఆకలి వేసి తిన్నది ఎన్ని పూటలో వ్రాసి చూడండి. ఇల్లాలి లెక్కను తప్పక వ్రాయండి. ఆ వారం తరువాత ఎవరి వేళ ఎటు జరపాలో మీకే తెలుస్తుంది. మందుల అవసరం ఎంతో ఆ తరువాత ఆలోచించవచ్చును.